కోతి నాకిన వస

మా అబ్బాయి అప్పుడప్పుడే కూర్చోవడం నేర్చుకుంటున్న రోజుల్లో మా ఆయన తువ్వాలులో చుట్టి ఒక కోతిపిల్లను ఇంటికి తెచ్చారు. మార్టూరు దగ్గర రాతి క్వారీల పక్కన కరెంటు తీగ తగిలి దాని తల్లి చచ్చిపోయిందట. చచ్చిన తల్లి పొట్టను పట్టుకుని పిల్ల వదలకపోతే అక్కడి పనివాళ్ళు విడదీసి ఈయనకు కబురు పెట్టారట. కాలేజీలో సైకాలజీ చెప్పే మనిషికి క్వారీ వాళ్ళు కబురెందుకు పెడతారు? తల్లిలేని కోతిపిల్ల దొరికితే చెప్పమని ఈయనే ఊరూరా చెప్పి ఉంచారని తరవాత తెలిసింది.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. గుంటూరు బ్రాడీపేటలో ఒక డాబా ఇంటి మేడమీద వాటాలో ఉండేవాళ్ళం. నేను, ఆయన, మా అత్తగారు, పిల్లాడు. పై దేశాల్లో ఎవరో చింపాంజీని సొంత బిడ్డతో పాటు ఇంట్లో పెంచి, దానికి మాటలు వస్తాయేమో చూశారని ఆయన ఎక్కడో చదివారు. అలాంటి పనే ఇక్కడ చేసి డాక్టరేటు సంపాదించాలని ఆశ.

"చింపాంజీ మనకెక్కడ దొరుకుతుంది? కోతయినా చాలు. మనిషి పిల్లలా పెంచితే మన మాట దానికి ఎంతవరకు పడుతుందో చూద్దాం" అన్నారు, నోట్లో పాలపీక పెట్టుకుని గుటకలు వేస్తున్న దాన్ని నాకు చూపిస్తూ.

మా అత్తగారు గుమ్మంలోంచే ఒక చూపు చూశారు. "ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. చూద్దాంలే" అన్నారు.

"మరి వీరు వారయితేనో?" అన్నాను నేను.

ఆయన పడీపడీ నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అడిగింది తమాషాకి కాదు.

ఇంట్లో ఒక చట్టం పెట్టారు. పిల్లాడికి ఏది చేస్తే కోతికీ అదే చేయాలి. వాడికి చొక్కా కుడితే దానికీ చొక్కా. వాడికి ఉయ్యాల, దానికీ ఉయ్యాల. "పాలేవీ? బువ్వ తింటావా?" అని వాడితో అంటే ఇటు తిరిగి దానితోనూ అనాలి. ఒక్కపూట మర్చిపోతే ఆయన ముఖం మాడ్చుకునేవారు. కాన్పయిన ఒళ్ళు ఇంకా కుదుటపడని నేను, ఒక బిడ్డకే ఓపిక లేని నేను, రోజంతా కోతితో ముచ్చట్లాడుతూ గడిపాను. కింద వాటా ఆవిడ మెట్ల మీద నిలబడి చోద్యం చూసేది.

ఈ చట్టం వస దగ్గరికి కూడా వచ్చింది. పిల్లలకు మాట స్పష్టంగా రావాలని మా వైపు వసకొమ్ము సానరాయి మీద అరగదీసి, తేనెతో కలిపి నాలుక మీద రాస్తారు. అత్తగారు రాయి ముందేసుకుని కూర్చుని శ్రద్ధగా అరగదీసేవారు. "దానికీ రాయమ్మా" అన్నారు ఆయన. "కోతికి వసేవిట్రా, నీ పిచ్చి తగలెయ్య!" అని తిట్టారు గానీ కొడుకు మాట కాదనలేదు. అయితే రాసేదాకా ఆగే రకమా అది? ఆవిడ వేలు రాయి మీంచి లేవకముందే ఉయ్యాలలోంచి దూకి, రాయిని చకచకా నాకేసేది. మిగిలిన తడి పిల్లాడికి.

కోతి చకచకా నేర్చింది. పిలిస్తే వచ్చేది. "పాలు" అంటే తన గ్లాసు తెచ్చుకునేది. "తలుపు" అంటే వెళ్ళి తలుపు తట్టేది. కాలేజీ నుంచి తోటి లెక్చరర్లు వచ్చి చూసి, ఆయన వీపు తట్టి, నా చేతి కాఫీ తాగి వెళ్ళేవారు. పిల్లాడి సంగతి ఎవరూ అడగలేదు. అంతకు ముందు "తాతాతా" అనీ "బూబూ" అనీ ఏదో ఒకటి వాగుతుండే వాడు క్రమంగా తగ్గించేశాడు. పుట్టినరోజు దాటింది. నడక వచ్చింది. మాట రాలేదు.

ఒక మధ్యాహ్నం అరటిపండు ఒలుస్తున్నాను. వెనకనుంచి "కూఁ... కూఁ..." అని వినిపించింది. తిండి కనిపిస్తే గొంతు లోపలినుంచి కోతి చేసే చప్పుడు అది. "ఆగవే, ఇస్తా" అంటూ వెనక్కి తిరిగాను. కోతి కిటికీలో నిద్రపోతోంది. పిల్లాడు పెదాలు సున్నాలా చుట్టి, నా చేతిలోని పండును చూస్తున్నాడు. 

సాయంత్రం చెబితే ఆయన కళ్ళు మెరిశాయి. "ఏదీ, మళ్ళీ అనిపించు!" అని పండు పట్టుకుని పిల్లాడి ముందు కూర్చున్నారు. వాడు అన్నాడు. ఆయన మురిసిపోయారు. నా ఒళ్ళు మండిపోయింది. ఆ పండు లాక్కుని వీధిలోకి విసిరేశాను.

ఆ తరవాత వాణ్ణి పరీక్షగా చూడటం మొదలుపెట్టాను. ముద్దొస్తే వాడు నాకు ముద్దు పెట్టడు, కోతిలా పెదాలు టపటపలాడిస్తాడు. నా ఒడిలో చేరి జుట్టు పాయలు తీసి, పేలు లేకపోయినా గిల్లి నోట్లో పెట్టుకుంటాడు. ఆ వేళ్ళ మెత్తదనానికి కళ్ళు మూతలు పడేవి, మరుక్షణం భయం వేసేది. కింద వాటా ఆవిడ మనవరాలు, వీడికంటే చిన్నది, "అత్తా, కోతేం చేత్తంది?" అని మెట్లమీంచి అడుగుతుంటే నేను మా వాడి నోటివైపు చూసేదాన్ని. వసపిట్ట! మా వాడు దాన్ని చూసి పళ్ళు ఇకిలించేవాడు.

డాక్టరమ్మ చెవులు చూసి బాగున్నాయంది. "మగపిల్లలకి కొంచెం లేటండీ, కంగారు పడకండి" అంది. ఇంట్లో కోతి ఉందని ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మా అత్తగారిది మరో లెక్క. "రాయి ముందు నాకింది అదే కదా. వీడికి రావలసిన మాట అది మింగేసింది" అని తేల్చారు. అక్కణ్ణించి ఆవిడ కోతిని బతిమాలడం మొదలుపెట్టారు. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బెల్లంముక్క పెట్టి, "మా తల్లివి కదూ, వాడి మాట వాడికిచ్చెయ్యవే" అనేవారు. చదువుకున్న దాన్ని, నవ్వాలి. నవ్వలేదు. ఆవిడ బతిమాలే తీరు ఆవిడది, నా తీరు నాది. ఆయన కాలేజీకి వెళ్ళగానే చీపురుకట్ట పట్టుకుని "పో! పో!" అని దాన్ని మేడ చివరిదాకా తరిమేదాన్ని. పిల్లాడి పక్కన ఒక గంటయినా అది లేకుండా ఉండాలని. వాడు గుమ్మం పట్టుకుని నిలబడి చూసేవాడు.

మాఘమాసంలో, మిరపకోతల వేళ, సత్తెనపల్లి దగ్గర అత్తగారి తమ్ముడి ఊరు వెళ్ళాం. చట్టం ప్రకారం కోతి కూడా వచ్చింది. కల్లంలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. పక్కనే కందిచేను. కంది కోసం కోతులు మందలుగా దిగి, కల్లంలో పడి కాయలు తొక్కి పాడుచేస్తాయని ఒక ముసలాయన రాళ్ళు విసిరే వడిసెల పట్టుకుని కాపలా ఉన్నాడు. కోతిని మా ఆయన తన దగ్గరే మంచానికి కట్టేసుకున్నారు. పిల్లాణ్ణి కూలివాళ్ళ పందిరి కింద చీరె ఉయ్యాలలో పడుకోబెట్టి, నేను అన్నం తినడానికి వెళ్ళాను.

రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే కల్లం అవతలినుంచి కోతి కీచుమని అరిచింది. దెబ్బ తగిలిన కోతి అరుపు. "దిగినయ్యర్రోయ్! కుప్ప ఎనకమాల!" అని ముసలాయన లేచాడు. వడిసెల గిర్రున తిరిగింది. నేను మంచం వైపు చూశాను. మా కోతి ఆయన పక్కనే కూర్చుని వేరుశెనక్కాయ ఒలుచుకుంటోంది. పందిరి వైపు చూశాను. చీరె ఖాళీగా ఉంది.

"కోతి కాదు! కోతి కాదు! మా వాడు!" అని అరుస్తూ పరిగెత్తాను. అప్పటికే రాయి వడిసెలను దాటిపోయింది. కుప్పలో పడి, కాయలు పైకి ఎగిరాయి. ఆ కుప్ప వెనక పిల్లాడు, కారపు చేతులతో కళ్ళు నులుముకుని, మంట తట్టుకోలేక పళ్ళు బయటపెట్టి కీచుకీచుమని అరుస్తున్నాడు. రాయి వాడికి బెత్తెడు దూరంలో ఉంది. అంత మంటలోనూ వాడు అమ్మా అనలేదు.

కళ్ళు కడిగి, నెయ్యి రాసి, భుజాన వేసుకున్నాను. ముసలాయన వడిసెల కింద పారేసి చతికిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనకముందే, "అరుపు కోతిదేనమ్మా. చిన్నప్పట్నించీ ఇంటన్నా. నా చెవులు తప్పు ఇనలా" అన్నాడు.

ముసలాయన చెవులు తప్పు వినలేదు. అది మా ఆయనకూ తెలిసింది. భుజం మీద కోతితో అలాగే నిలబడిపోయారు.  గుంటూరు చేరాక, "పంపించేస్తాను" అన్నారు.

జూ వాళ్ళకు అప్పగించడానికి తీసుకెళుతుంటే అది ఆయన మెడ వదల్లేదట. ఖాళీ తువ్వాలుతో వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు. నాకు జాలి వేసింది, ఆయన మీదా, దాని మీదా. కానీ ఆ రాత్రి నేను కడుపునిండా తిన్నాను.

నా సంతోషం నాలుగు నాళ్ళు లేదు. పిల్లాడు ఖాళీ ఉయ్యాల దగ్గర నిలబడి "కూఁ" అనేవాడు, ఆగి వినేవాడు, మళ్ళీ అనేవాడు. తరవాత అదీ మానేశాడు. ఇంతకు ముందు కోతి అరుపయినా ఉండేది, ఇప్పుడు ఏ అరుపూ లేదు. అత్తగారు రోజూ వస అరగదీసేవారు. ముందు నాకేవాళ్ళు లేరు, మొత్తం వాడికే. వాడు మూతి తిప్పుకునేవాడు. వీడి నోట ఇక మాట రాదేమోనన్న భయం నా పక్కలోనే పడుకునేది.

ఎండలు ముదిరాయి. ఒకరోజు మేడమీద వడియాలు ఎండబెట్టాం. అత్తగారు పక్కనే నీడలో కూర్చుని వస అరగదీస్తున్నారు. ఎక్కడినుంచో ఒక పెద్ద కోతి పిట్టగోడ మీదికి వచ్చింది. పిల్లాడు దాన్ని చూశాడు. వాడి ముఖం విచ్చుకుంది. చేతులు చాచి, పెదాలు టపటపలాడిస్తూ దానికి ఎదురు పరిగెత్తాడు. అది కోరలు చూపించింది. నేను చీపురు అందుకుని, "పో! పో!" అని అరుస్తూ అడ్డం పడ్డాను. కోతి పక్క మేడకు దూకేసింది.

వాడు అది పోయిన వైపు చూశాడు. ఆనక నావైపు తిరిగాడు. నా చేతిలోని చీపురును రెండు చేతులతోనూ లాగి కింద పడేశాడు. నా మోకాళ్ళను బలమంతా పెట్టి తోస్తూ, తేటగా, ఎక్కడా నత్తి లేకుండా అన్నాడు.

"పో."

అత్తగారు సానరాయి వదిలేసి లేచారు. ఒక్కక్షణం నా ముఖం చూశారు. గబగబా లోపలికి వెళ్ళి పంచదార తెచ్చి వాడి నోట్లో పోశారు. మెట్ల దగ్గరికి వెళ్ళి, వీధంతా వినపడేలా కేక వేశారు.

"మా వాడికి మాటొచ్చిందర్రా! అమ్మా అన్నాడు!"