అమ్మ వేయించిన రిట్టు

అమ్మమ్మ పోతూ పోతూ సింధనూరు కాలువ కింద మూడెకరాల మడి అమ్మ పేర వీలునామా రాసింది. పహాణీలో, అంటే సర్కారు భూమి రికార్డులో, పేరు మార్చమని అమ్మ అర్జీ పెట్టి మూడేళ్లయింది. తాలూకా ఆఫీసుకు ఎప్పుడు వెళ్లినా "నాళె బన్ని" అనేవారు. రేపు రమ్మనడం మాకు అలవాటైపోయింది, రేపు రావడం మాత్రం లేదు.

చివరికి రాయచూరు వకీలుగారు హైకోర్టులో రిట్టు వేద్దామన్నారు. సర్కారు ఆఫీసరును కోర్టు ఎలా అదిలిస్తుందో చూడాలని నాకు మహా కుతూహలం. కలబురగి హైకోర్టు బెంచి నుంచి ఉత్తర్వు వచ్చిన రోజు కాగితం నేనే చదివాను, రెండుసార్లు. పేరు ఎక్కించమని ఎక్కడా లేదు.

"గట్ల రాయరమ్మా," అన్నారు వకీలుగారు. "ఇయ్యుమని కోర్టు చెప్పదు. అర్జీ చూసి అవునో కాదో రెండు నెలల్ల చెప్పుమంటది. గంతే."

"కాదని చెప్పినా కోర్టు మాట విన్నట్టేనాండీ?" అంది అమ్మ.

"కారణం రాసి చెప్తే విన్నట్టే."

నేను నీరుగారిపోయాను. అమ్మ మాత్రం ఉత్తర్వుకు నాలుగు మూలలా పసుపు పెట్టి, దేవుడి గూట్లో ఉంచి, కేలెండరు మీద రోజులు కొట్టేయడం మొదలుపెట్టింది. రెండు నెలలు గడిచాయి. ఉలుకూ లేదు, పలుకూ లేదు. వకీలుగారికి ఫోను చేస్తే అసలు సంగతి తెలిసింది. ఉత్తర్వు నకలు మనమే తాలూకా ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్న రోజు నుంచే గడువు మొదలవుతుందట. కోర్టే పంపుకుంటుందని మేమనుకున్నాం. పసుపు మరకలతోనే పట్టుకెళ్లి ఇచ్చాం.

ఈసారి గడువులోపే తాలూకా ఆఫీసు నుంచి అమ్మ పేర రిజిస్టరు పోస్టులో ఉత్తరం వచ్చింది. అర్జీ తిరస్కరించారు. వీలునామాలో ఉన్నది అమ్మ పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో ఉన్నది అత్తింటిది. ఇద్దరూ ఒకరేనని రుజువు లేదట.

అమ్మ ఆ ముక్క నాచేత మళ్లీ చదివించుకుంది. "మూడేళ్లూ వాళ్లెదురుగా నిలబడ్డాను కదే. ఒక్కసారి అడిగితే చెప్పేదాన్ని కదా, పెళ్లికి ముందు అదీ, తర్వాత ఇదీ అని."

పెళ్లయితే ఆడపిల్ల ఇంటిపేరు మారుతుందన్నది విడిగా చెప్పాల్సిన విషయమని మాకూ తోచలేదు. వకీలుగారు అఫిడవిట్టు ఒక్క పూటలో రాయించారు. మళ్లీ అర్జీ పెట్టాం. కొద్ది వారాలకే పహాణీ చేతికొచ్చింది, రెండు ఇంటిపేర్లూ పక్కపక్కనే. అమ్మ అక్షరాలు తడిమి చూసుకుని నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆమెను "మీరెవరమ్మా?" అని అడిగించడానికి హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.