ఓడ లోపలి మనిషి

ఇంగ్లండ్‌లో, బేసింగ్‌స్టోక్‌లో మా పక్కింటి అంకుల్ రిటైరయ్యాక గ్యారేజీలో ఒక ఓడ బొమ్మ చేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో మునిగిన ఆర్మర్డ్ క్రూయిజర్ అనే యుద్ధనౌక అది. దాన్ని ఎవరు ఎత్తబోయినా ఆయనది ఒకటే మాట: "నెమ్మదమ్మా, లోపల మనిషున్నాడు."

వేళాకోళమనుకుని ఒకసారి ఎవరని అడిగాను.

"బాయిలర్లో బొగ్గేసేవాడు. పెద్ద ఓడ ఎదురైతే పారిపోడానికని దీనికి వేగం ఇచ్చారు, దానికోసం ఉక్కు కవచం పల్చన చేశారు. తీరా ఆ పెద్ద ఓడల ముందుకే పంపారు. కిందున్నోళ్ళు ఒక్కరూ పైకి రాలేదమ్మా."

"డెక్ అతికించేశారుగా, మరి కనబడడే?"

"అప్పుడు మాత్రం ఎవరికి కనబడ్డాడు?"

ఆయన పోయిన నెలకి ఇల్లు ఖాళీ చేస్తూ వాళ్ళమ్మాయి ఓడని నా చేతిలో పెట్టింది. "కుడ్ యూ డ్రాప్ ఇట్ ఎట్ ద ఛారిటీ షాప్, ఆంటీ?"

రౌండబౌట్ దగ్గర కారు తిప్పగానే వెనక సీట్లో ఓడ పక్కకి ఒరిగింది. లోపల చిన్నదేదో ఊడి టకటకా దొర్లింది.

కారు ఆపి, ఓడని నిటారుగా నిలబెట్టాను. అతన్ని పైకి తేవాలంటే దాన్ని పగలగొట్టాలి. పాత సామాన్లు దానంగా తీసుకునే ఆ షాపుకి వెళ్ళలేదు. ఎంత నెమ్మదిగా నడిపినా, ఇంటిదాకా దొర్లుతూనే ఉన్నాడు.