ఖాళీ జాగ

మున్సిపల్ ఇంజనీరు ఫణి రోజూ పొద్దున కార్వాన్ బస్తీలోని చెత్తకుప్ప పక్కన స్కూటర్ ఆపుతాడు. దారినపోయే వాళ్ళంతా ముక్కు మూసుకుంటారు, అతను మూసుకోడు. అక్కడే పూలమ్మే కాశమ్మ దగ్గర రెండు మూరల మల్లెలు కొంటాడు. ఆ చోటు చెత్తకు కేటాయించింది అతనే. ఆనాడు స్థలం చూడటానికి మధ్యాహ్నం వచ్చాడు. అప్పటికి అక్కడి పూలమ్మేవాళ్ళు అమ్ముకుని వెళ్ళిపోయారు, ఖాళీగా కనబడింది. మార్పించాలంటే ముందు ఆ తప్పు తనదని ఆఫీసులో చెప్పాలి. ఇంకా చెప్పలేదు.

"కుప్పకాడి పూలు దేవునికెట్ల పెడ్తమని ఎవ్వరు కొంటలేరు సారూ, మీరొక్కరే. ఈ జాగ జూపినోని కండ్లు ఏడవోయినయో," అంటూ కాశమ్మ ఇవాళ ఇంకో మూర కొసరు వేసింది. "అమ్మగారికియ్యుండ్రి."

"వద్దమ్మా," అన్నాడు. ఆమె వినలేదు. ఆ పూలు అతని ఇల్లు ఎన్నడూ చేరలేదు. ఆఫీసు చెత్తబుట్టలో వేస్తాడు. సాయంత్రానికి ఆ బుట్టలోది కూడా కాశమ్మ పక్కనున్న కుప్పకే చేరుతుంది.