వార్ తక్కువైన పడవ

పడవ అన్న మాట వినబడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడు బొంబాయి పక్కన మా భివండిలో మందీ వచ్చి పడింది, బేరాలు పడిపోయాయి. సగం రోజు కరెంటు ఉండేది కాదు, ఉన్నప్పుడు బట్ట అడిగే దిక్కుండేది కాదు. మాకున్నవి నాలుగు సాంచాలు. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. మా ఆయన ఒకరి షెడ్డులో కూలికి నేసీ నేసీ, నేను కండెలు చుట్టీ చుట్టీ, ఇద్దరం కడుపు కట్టుకుని కొన్నవి. వాటిని భంగార్ వాడికి ఇనుప సామాను కింద తూకానికి వేసి, తెరచాప పడవ కొంటానని మా ఆయన ఒకరోజు అన్నం ముందు కూర్చుని చెప్పాడు. కూర గరిటె నా చేతిలోనే ఉంది. ఎలా ఆగానో నాకే తెలియదు.

ధామన్కర్ నాకా దగ్గర చాయ్ తాగుతుంటే ఎవడో ఎక్కించాడట. ఆదివారం వస్తే బొంబాయి వాళ్ళు ఖాడీలో, అంటే ఊరి పక్క సముద్రపు పాయలో, పడవ మీద తిరగడానికి ఎగబడతారని, కాల్హేర్ గోదాముల వెనక రెండు పడవలు అమ్మకానికి ఉన్నాయని. వానాకాలం గల్లీలో నీళ్ళు నిలిస్తే పాంటు మడుచుకుని గోడ పట్టుకుని నడిచే మనిషి, పడవ నడుపుతాడట.

"నువ్వు గూడ రా. రెండూ జూద్దం. ఏది మంచిగుంటే గదే" అన్నాడు.

"సాంచాలు అమ్ముడు ఖాయమైందా?"

"ఏ పడవ కొనాల్నో తేలినంక అమ్ముత."

రేపు మునిగితే 'ఇది కూడా చూసింది కదా' అనడానికే నన్ను వెంట తీసుకుపోతున్నాడని నాకు తెలుసు. అయినా వెళ్ళాను. నేను లేకపోతే అక్కడికక్కడే తేల్చేసి వస్తాడు.

రెండు పడవలూ ఒక బొంబాయి షేటువి. వాటిని చూసుకునేది ఒక మరాఠీ ముసలాయన. మొదటిది సన్నగా, పొడుగ్గా, తెల్లగా ఉంది. ఎక్కగానే మా ఆయన చేసిన మొదటి పని, తెరచాప గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి చూడడం. "పేక మంచిగ పడ్డది" అన్నాడు. పడవ అడుగు చూడలేదు, చెక్క చూడలేదు. ఆయనకు లోకంలో ఏదైనా గుడ్డే.

తెర లేపగానే అది ఒక పక్కకు ఒరిగి పరుగు తీసింది. బాగా పరుగెత్తుతుంది, ఆ మాట కాదనను. కాని కూర్చోవడానికి ఇంత పలక, కాళ్ళు చాపితే ఎదుటివాడి ఒళ్ళో పెట్టాలి. లోపలి గదిలోకి పాకుతూ దూరాలి. నీళ్ళు వచ్చి మొహాన కొట్టేవి. నేను కమ్మీని కరుచుకుని ఆయన్నీ ఆయన వంశాన్నీ తిట్టుకున్నాను. పొద్దున తిన్నదంతా ఖాడీపాలు చేశాను.

"గిది మస్తు ఉరుకుతది" అని ఆయన చేతులు రుద్దుకున్నాడు.

"కక్కుకునేటందుకు పైసలిస్తరా బొంబాయోళ్ళు?" అన్నాను. ఆయన మొహం తిప్పుకున్నాడు.

రెండోది ఎక్కేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అది వెడల్పాటి పడవ. లోపల తల వంచకుండా నిలబడవచ్చు. రెండు పడకలు, చిన్న స్టవ్, గిన్నెలు జారిపోకుండా చెక్క అంచు వేసిన అల్మారా. మా వంటగదిలో ఇద్దరం ఒకేసారి పట్టం. అక్కడ నేను చేతులు చాచి తిరిగాను. సుఖంగానే ఉందని ఒప్పుకోవలసి వచ్చినందుకు ఇంకా మంటెక్కింది. కాని అది కదలదు. తెర పిండిన చీరలా వేలాడుతోంది.

ముసలాయన పైకి చూసి "వారా నాహీ" అన్నాడు.

మా ఆయన ముఖం వెలిగిపోయింది. భివండి బట్టల బజారులో వార్ అంటే గజం. తొమ్మిది వార్ల చీర అంటారు కదా, ఆ వార్. ఇన్నేళ్ళూ బజారు హిందీతోనే నెట్టుకొచ్చిన మనిషికి తెలిసిన వార్ అదొక్కటే.

"కిత్నా కమ్ హై?" అని అడిగాడు, ఎన్ని గజాలు తక్కువో తెలుసుకుందామని.

"బహుత్ కమ్. శామ్ కో ఆయేగా" అన్నాడు ముసలాయన, సాయంత్రానికి వస్తుందిలే అని.

"ఆనే కా జరూరత్ నహీ. హమ్ లాయేగా" అన్నాడు మా ఆయన. మేమే తెస్తామని! ముసలాయన ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఇన్నవా? తెరకు బట్ట తక్వ కుట్టిండ్రు, గందుకే నడుస్తలేదు" అని నా వైపు తిరిగాడు. "బట్టకేంది, మనమే నేస్తం. గప్పుడు ఉరుకుడు గూడ ఉరుకుతది, సుఖం గూడ ఉంటది. గిదే కొంట."

వారా అంటే మరాఠీలో గాలి. దండెం మీద బట్టలు ఎగిరినప్పుడల్లా మా పక్కింటి ఆవిడ "వారా సుటలా" అని కేకేసేది. నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా. 'నేస్తం' అన్న మాట విని నోరు మూసుకున్నాను. నేయాలంటే సాంచా తిరగాలి. తిరుగుతున్న సాంచాను ఎవడూ భంగార్‌కు వేయడు.

మందం నూలు తెచ్చి, కొత్త పడుగు ఎక్కించాడు. కరెంటు వచ్చినప్పుడల్లా నేశాడు. నేను కండెలు చుట్టి అందించాను. భంగార్ వాడు గుమ్మంలోకి వస్తే "ఆగు, పని నడుస్తున్నది" అని కసిరి పంపాడు. మందీ వచ్చాక ఆ గొంతు వినడం అదే మొదలు. గుడ్డ కూడా గట్టిగా, ఒక్క పోగు తప్పకుండా దిగింది.

ఆ తాను భుజాన వేసుకుని కాల్హేర్ పోయి, కందగడ్డలా అయి వచ్చాడు. ముసలాయన గోదాముల హమాలీలను కూడా పిలిచి మరీ నవ్వాడట.

"వారా అంటే గాలట" అన్నాడు. "నీకెర్కనా?"

"ఎర్కే."

తానును నేలకేసి కొట్టాడు. "ఎర్కుండి నా ఇజ్జత్ తీస్తవా?" అని నోటికొచ్చిందల్లా అన్నాడు. నేనూ తగ్గలేదు. సాంచాలు అమ్మి నీళ్ళ మీద కూసుంటవా, నన్ను అడిగినవా అని గల్లీ అంతా వినబడేలా అన్నాను.

"మరి ఎందుకు చెప్పలే?"

"చెప్తే సాంచా బంద్ వెడ్తుంటివి."

అంతలో కరెంటు వచ్చింది. చుట్టూ షెడ్లలో మోత మొదలైంది. ఆయన కొట్టేలా నా వైపు చూసి, విసురుగా లోపలికి పోయి సాంచా వేశాడు. పడుగు ఇంకా మిగిలే ఉంది. ఆ గుడ్డ ఇప్పుడు ఎవరికోసమో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

"కండెలేవే?" అని లోపలినుంచి అరిచాడు.

కండెలు తీసుకుపోయి ఇచ్చాను.