కోబాల్ కమిటీకి నేను పంపిన అభ్యంతరం

మొన్న పెందుర్తిలో మా చెల్లెలి మనవరాలు సెల్‌ఫోన్ నా ముందు పెట్టి, తను రాసే ప్రోగ్రామింగ్ భాషలో ఏ మార్పు కావాలో వాడేవాళ్ళనే అడుగుతున్నారని చెప్పి, బొటనవేలితో ఓటు నొక్కేసి, మామిడికాయ ముక్క నోట్లో వేసుకుంది. ఓసి పిల్లా, ఇంత తేలికటే అనుకున్నాను. పంచ్‌కార్డులు, అదే కంప్యూటరుకి పని చెప్పే చిల్లుల అట్టముక్కలు, పట్టిన చేతులు మీలో ఎవరికైనా ఉంటే నా మాట అర్థమవుతుంది.

డెబ్బైలలో పద్మనాభం నుంచి బస్సెక్కి, విశాఖపట్నం ఓడరేవు దగ్గర ఒక ఆఫీసు కంప్యూటర్ గదికి ఉద్యోగానికి వెళ్ళేదాన్ని. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. సముద్రపు చెమ్మకి కార్డులు ఉబ్బి మెషీన్లో ఇరుక్కుంటాయని వాటినీ ఆ ఏసీ గదిలోనే దాచేవాళ్ళం. కూలీల జీతాల ప్రోగ్రాములన్నీ కోబాల్ భాషలో మా సీనియరూ నేనూ రాశాం. ఆయనకి బదిలీ అయ్యాక ఆ పని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. పక్క సెక్షన్ల వాళ్ళు చల్లదనం కోసం వచ్చి కాసేపు నిలబడి పోయేవారు. తప్పు దొరికితే నాలో నేనే తిట్టుకుని, సరిచేశాక నన్ను నేనే మెచ్చుకునేదాన్ని, ఏం చేయను మరి!

ఎనభైలలో ఒక పత్రికలో, విదేశంలో ఒక కమిటీ కోబాల్‌కి కొత్త ప్రమాణం, అంటే కొత్త నియమాలు, తెస్తోందని, చిత్తుప్రతి చూసి వాడేవాళ్ళెవరైనా అభ్యంతరాలు పంపవచ్చని చదివాను. ఆ ప్రతి తెప్పించి చూశాను. ఇకమీద భాషకే సొంతమంటూ అట్టిపెట్టుకున్న మాటల్లో ఒకటి, నా ప్రోగ్రాముల నిండా నేను పెట్టుకున్న పేరే. మీ పిల్లని రేపట్నుంచి ఆ పేరుతో పిలవొద్దన్నట్టుంది. అదే ఖాయమైతే, కొత్త మెషీన్ వచ్చిన నాడు నా ప్రోగ్రాములేవీ నడవవు. అన్నీ మళ్ళీ నేనొక్కదాన్నే రాసుకోవాలి.

మా సూపర్నెంటుగారు ఇటువైపు మనిషే. నవ్వి, "ఆళ్ళు సేసిన బాస మనం వాడుకోడమే గానీ, మనల్నడిగేదేటమ్మా?" అన్నారు. ఒళ్ళు మండింది. అడిగారు కదా మరి! నా అభ్యంతరం నేనే టైపు కొట్టి ఆ కమిటీకి పంపాను.

చాలా నెలలకు జవాబు వచ్చింది. మీ అభ్యంతరం సబబే, మరికొందరు కూడా ఇదే రాశారు, ఆ మాట వదిలేస్తున్నాం అని. పని తెలిసిన మనిషి ఎన్నేళ్ళకో నాతో మాట్లాడినట్టయి కళ్ళు చెమర్చాయి. ఎవరికైనా చెప్పుకోవాలని గదిలోంచి బయటికొచ్చాను గానీ, ఎవరికి చెప్పను? చివరికి బస్సులో పక్కన కూర్చున్న చేపలావిడకి చెప్పాను. "ఆ దేశపోళ్ళు నీ మాటిన్నారా? మంచిదేగదమ్మా" అని తట్ట సర్దుకుంది పాపం.

ఇప్పుడు మనవరాలి ఫోనులో, ఓటేసినవాళ్ళు పోట్లాడుకుంటున్నారు, ఆటపట్టించుకుంటున్నారు, ఒకరి పేరు ఒకరికి తెలుసు. చాలాసేపు చదువుతూ కూర్చున్నాను. మమ్మల్నీ అడిగారు, విన్నారు. ఆ లోటేమీ లేదు. కానీ ఆ మరికొందరు ఎవరో, ఏ ఊళ్ళో ఒంటరిగా కూర్చుని నాకొచ్చిన బాధే రాశారో నాకు తెలియలేదు. నేనున్నానని వాళ్ళకీ తెలియదు.