ఆ బళ్లో ఆంటీ అనకూడదు

మా అమ్మాయి చదివిన బడిని వందేళ్ల కిందట ఒక ఇంగ్లండు పంతులు పెట్టాడట. న్యూజెర్సీలో ఉన్నా పద్ధతులన్నీ ఇంగ్లండువే. హెడ్మాస్టరు నల్లగౌను వేసుకుని తిరుగుతాడు. పిల్లల్ని హౌసులుగా విడదీసి, ఒక్కో జట్టుకీ ఒక హౌస్‌మాస్టర్ని పెడతారు. బడిని నడిపే పెద్దల్ని గవర్నర్లంటారు.

"మన రాష్ట్రం మొత్తానికి ఒక్క గవర్నరు, వీళ్ల బడికి డజను మందా!" అని మా ఆయన నవ్వాడు. అప్పట్లో నేనూ నవ్వాను.

ఆ గవర్నర్లలో ఒకావిడ తెలుగామె. పిస్కాటవేలో మా పక్క వీధే. మా ఇంట్లో గోంగూర తిని, ఇంకాస్త డబ్బాలో పట్టుకెళ్లిన మనిషి. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఉదయం ఆవిడ బళ్లో అసెంబ్లీకి వచ్చింది. పిల్ల వరసలోంచే "హాయ్ ఆంటీ!" అంది. అందరూ నవ్వారు. ఆవిడ మొహం తిప్పుకుంది. హౌస్‌మాస్టరు మా అమ్మాయిని ముందుకు పిలిచి, "గుడ్ మార్నింగ్, గవర్నర్" అని మళ్లీ పలకరించమన్నాడు. పలకరించింది.

"వదిలెయ్, తొమ్మిదో తరగతి సీటు వాళ్ల చేతిలో ఉంది," అన్నాడు మా ఆయన. మా అమ్మాయికి ఆ బడంటే ప్రాణం. "వద్దమ్మా, ప్లీజ్," అంది తనూ.

నేను వదల్లేదు. ఫిర్యాదు ముందు హౌస్‌మాస్టరుకి, తర్వాత హెడ్మాస్టరుకి, ఆఖరున గవర్నర్లకి చెప్పుకోవాలి. మొదటి ఇద్దరూ థాంక్స్ చెప్పి పంపేశారు. గవర్నర్ల గదిలోకి వెళ్తే, ఆ తెలుగావిడే అధ్యక్షురాలి కుర్చీలో కూర్చుని ఉంది.

"అక్కా, చిన్నపిల్ల. మిమ్మల్ని ఆంటీ అనక ఇంకేమంటుంది?"

"లెట్స్ కీప్ దిస్ ఫార్మల్, ప్లీజ్."

"పోనీ ఆ మాటేదో తెలుగులో చెప్పండక్కా."

ఆవిడ నా ఫిర్యాదు కాగితాన్ని పక్కకి నెట్టింది. పక్కవాళ్లు బల్ల వంక చూస్తూ కూర్చున్నారు.

ఆ బళ్లో ఎవర్నీ వెళ్లగొట్టరు. ఏటా పై తరగతికి మళ్లీ పిలుస్తారు. పిలవకపోతే పోవడమే. మా అమ్మాయిని పిలవలేదు. మార్కులు తక్కువయ్యాయా అని ఫోన్‌లో అడిగాను. హెడ్మాస్టరు కాదన్నాడు. అల్లరి చేసిందా? అదీ కాదు. మీ కుటుంబానికి మా బడి ఫిట్ కాదు, అన్నాడు ఎంతో మర్యాదగా. కుటుంబం అంటే నేను.

రాష్ట్ర విద్యాశాఖ వాళ్లు, అది ప్రైవేటు బడి, మేమేం చేయలేం అన్నారు. లాయరూ అదే అన్నాడు.

"ఇంకో లాయర్ని చూద్దాం," అన్నాను కార్లో.

"స్టాప్ అమ్మా. నువ్వు విన్ అయినా, ఆ అసెంబ్లీలో ఎవరు నిల్చోవాలి? నేనే కదా?"

"నీ కోసమేనే ఇదంతా."

"నేను వద్దన్నా కదా. నువ్వు వినలేదు."

ఇప్పుడు పబ్లిక్ స్కూల్లో చదువుతోంది. మధ్యాహ్నం ఒక్కతే కూర్చుని తింటుందట, అదీ నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. రెండో లాయరు కూడా కుదరదన్నాడు. మూడో ఆయనకి రేపు ఫోన్ చేస్తాను. కుదరదనే అంటాడు.