రోజూ తిరిగే పద్మిని

ఎప్పుడో మూతపడ్డ దుకాణాలను చూపిస్తూ కారు నడిపేవారు ఆ పెద్దాయన. అమీర్‌పేటలో ఆయన పాత పద్మిని కారుకు ఇన్సూరెన్స్ చేయడానికి ఏజెంటుగా వెళ్లినప్పుడు చూశాను ఆ అలవాటు.

పాత కార్లకని ప్రత్యేకంగా ఒక పాలసీ ఉందని చెప్పాను. కారుకు ఏదైనా అయితే ముందే ఒప్పుకున్న విలువంతా ఇస్తారు. కాకపోతే ప్రదర్శనలకు తప్ప బయటికి తీయకూడదు. మామూలు పాలసీ అయితే రోజూ తిప్పుకోవచ్చు గానీ, చేతికొచ్చేది పాత ఇనుము ధరే.

"ప్రత్యేకమైందే తీసుకోండి సార్. కారు అద్దంలా ఉంది," అన్నాను.

"జర కూసో బేటా. మా రోజుటి రౌండు పోయొద్దాం," అన్నారాయన.

చూపు పోయిన భార్యను చెయ్యిపట్టి తెచ్చి ముందు సీటులో కూర్చోబెట్టారు. నేను వెనక ఎక్కాను. పంజాగుట్ట వైపు ఎంత నిదానంగా పోయామంటే, వెనక ఆటోలన్నీ మమ్మల్ని తిడుతున్నట్టే హారన్లు కొట్టాయి.

"గిదిగో, సోడా దుకాణం వచ్చింది," అన్నారు.

నాకు మెట్రో స్తంభాలే కనబడుతున్నాయి. ఆమె అటు తల తిప్పి, "గాజులాయన తెరిసిండా?" అని అడిగింది.

"తెరిసిండు. మస్తు గిరాకీ ఉన్నది."

అంతలో మా నెత్తిమీదుగా రైలు పోయింది.

"ఉరుముతున్నది," అన్నారాయన.

"వానొస్తదేమో," అని ఆమె నవ్వుకుంటూ కిటికీ అద్దం పైకి తిప్పుకుంది.

ప్రత్యేక పాలసీ కాగితాన్ని సంచిలో పెట్టేసి, వెనక నా అద్దం కూడా ఎక్కించాను.